పట్టె మంచం నుంచి వసారా బల్ల: పని డైరీ

ఈ టేకు మంచం అమ్మమ్మగారింటిది. పశువుల పాకలో పదేళ్లు పడి ఉంది. "పొయ్యిలోకి కొట్టించేస్తున్నాను, కావాలంటే పట్టుకుపో" అని మావయ్య ఫోను చేస్తే తెచ్చుకున్నాను. పని చేసింది కాకినాడలో, మా డాబా మీద, జూలై, ఆగస్టు నెలల్లో, ఎక్కువగా శని, ఆదివారాల్లో. అంటే సరిగ్గా వానల్లో. ఆ ఒక్క తప్పే ఈ డైరీలో సగం పేజీలు తినేసింది.

చేసిందేమిటో ఒక్క మాటలో: తలాపు వైపు చట్రం బల్లకి వీపు అయింది. కాళ్ల వైపు చట్రం ముందు కాళ్లు అయింది, దాని పైపట్టెని రెండు ముక్కలు చేస్తే చేతులు వచ్చాయి. మధ్యలో ఉన్న పొడుగు పట్టెలు పొట్టివయ్యాయి. కూర్చునేచోట మళ్లీ నవారే.

దశ 1: విప్పడం, కొలవడం (జూలై 6, 7)

వచ్చినప్పటి కొలతలు:

మొత్తం పొడవు 75 అంగుళాలు, వెడల్పు 38.
తలాపు కోళ్ల (మంచం నిలువు కాళ్ల) ఎత్తు 36, కాళ్ల వైపు కోళ్ల ఎత్తు 25.
పట్టెలు 3 అంగుళాల ఎత్తు, 2 అంగుళాల మందం. పట్టె పైఅంచు నేల నుంచి పదిహేడున్నర.
కోళ్ల మధ్య ఖాళీ: పొడుగు వైపు 70, అడ్డం వైపు 33.

దెబ్బలు: ఒక పొడుగు పట్టె చివరి నుంచి 14 అంగుళాల దగ్గర విరిగింది. కాళ్ల వైపు ఎడమ కోడు అడుగున రెండుముప్పావు అంగుళాలు కుళ్లిపోయింది, పాకలో తడి నేల మీద నిలబడినందువల్ల. అన్నిటి మీదా రంగు.

పాత వడ్రంగులు కుసుల్ని (పట్టె కొసన నాలుకలా సన్నగా చెక్కిన భాగాల్ని) కోళ్ల బెజ్జాల్లోకి దించి అడ్డంగా చెక్క మేకులు కొట్టారు. జిగురు లేదు. అందువల్ల విప్పడం సులువే కావాలి. కానీ మధ్యలో ఎవరో "గట్టిగా ఉంటుంది" అని ఇనప మేకులు దిగ్గొట్టారు. మొదటి మేకు నాకు రంపం పళ్లతో దొరికింది. రెండు పళ్లు పోయాయి. అప్పుడు వెళ్లి అయస్కాంతం కొనుక్కొచ్చి ప్రతి పట్టె మీదా నెమ్మదిగా జరుపుతూ, పట్టుకున్న చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాను. మొత్తం 23 మేకులు. ఆరు మేకులకి తల లేదు. వాటి చుట్టూ సన్నగా ఉలితో గుంట తవ్వి, పట్టకారుతో పట్టి, కిందికి కాకుండా పక్కకి వంచుతూ లాగాల్సివచ్చింది.

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే ఈ వరుసలో చెయ్యండి:

1. రంపం పట్టుకోకముందే అయస్కాంతం జరపండి.
2. ప్రతి కీలుకీ రెండు పక్కలా ఒకే అంకె వేయండి. సుద్ద పనికిరాదు, రంగు తీసేటప్పుడు పోతుంది. నేను ఉలి మూలతో గాట్లు పెట్టాను: ఒక గాటు, రెండు గాట్లు, అలా.
3. చెక్క మేకుని సన్న కొస ఉన్న వైపు నుంచి కొట్టండి. రెండో వైపు నుంచి కొడితే ఇంకా బిగుస్తుంది.

ఇప్పటిదాకా: 5 గంటలు. ఖర్చు 360 రూపాయలు (బండి కిరాయి 300, అయస్కాంతం 60).

దశ 2: రంగు (జూలై 13, 14, 20)

మూడు పొరలు. పైన గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, అడుగున ఎర్రది. ఆకుపచ్చ మావయ్య పెళ్లికి వేయించిందట. ఎర్రది ఎప్పటిదో ఎవరికీ తెలీదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రంగుల్లో ఎంతుందో డబ్బా కూడా లేనప్పుడు ఏం చెప్తాం? ఉందనే అనుకుని పని చెయ్యాలి. అంటే పాత రంగుని పొడిగా గరుకు కాగితంతో రుద్దకూడదు, మంటతో కాల్చకూడదు. దుమ్ముగానో పొగగానో ఒంట్లోకి వెళ్తుంది. పిల్లలున్న ఇల్లయితే మరీను. అందుకని రంగు ఊడదీసే మందు వేసి, తడిగానే గీకి, గీకిన చెత్తని పాత పేపర్లలో చుట్టి సంచిలో కట్టేశాను. డాబా మీద చేశాను కాబట్టి గాలికి లోటు లేదు. గదిలో చెయ్యకండి, ఆ మందు వాసనకి తల తిరుగుతుంది.

మొదటి రోజు ఓటమి: సీసా మీద 15 నిమిషాలు అని ఉంది. 15 నిమిషాలకి గీకితే గోధుమ రంగు మాత్రం ముడతలుపడి వచ్చింది, కింది రెండు పొరలు కదల్లేదు. మళ్లీ పూశాను, మళ్లీ అంతే. ఒక లీటరు మందు అయిపోయింది, శుభ్రపడింది ఒకటిన్నర కోడు. కారణం మధ్యాహ్నానికి అర్థమైంది. మబ్బు విడిచి ఎండ కాసేసరికి మందు పని చెయ్యకముందే ఆరిపోతోంది.

రెండో రోజు మార్పు:

1. మందు దళసరిగా, ఒకే దిక్కుగా పూయడం. బ్రష్‌తో వెనక్కీ ముందుకీ రాస్తే పైన కట్టిన పొర తెగి తొందరగా ఆరుతుంది.
2. వెంటనే పాత పాలిథీన్ కవరు చుట్టేయడం.
3. 40 నిమిషాలు ఆగడం.
4. పట్టెల మీద రేకు గీకుడుతో, కోళ్ల మీద గుండ్రటి గాడుల్లో జనపనార తాడుతో. తాడుని గాడిలో వేసి రెండు చేతులతో కవ్వం చిలికినట్టు లాగితే రంగు ముద్ద ముద్దగా వస్తుంది. స్టీలు పీచుకన్నా ఇదే నయం.

కవరు చుట్టాక మూడు పొరలూ ఒకేసారి లేచాయి. రెండో లీటరుతో మిగిలిన రెండున్నర కోళ్లు, అన్ని పట్టెలు, తలాపు చువ్వలు తొమ్మిదీ పూర్తయ్యాయి. మొదటి లీటరుకీ రెండో లీటరుకీ మధ్య తేడా అంతా అయిదు రూపాయల కవరే.

ఇప్పటిదాకా: 16 గంటల 30 నిమిషాలు. ఖర్చు 1,520 (ఈ దశలో మందు రెండు లీటర్లు 780, చేతి తొడుగులు, మాస్కులు 240, గీకుడు రేకు 80, స్టీలు పీచు 60).

దశ 3: పుచ్చు, కుళ్లు (జూలై 21 నుంచి ఆగస్టు 2)

రంగు పోయాక అసలు సంగతులు బయటపడ్డాయి. విరిగిన పట్టె ఒక అంచు పొడవునా తెల్ల చెక్క ఉంది. టేకు అంటే పురుగు పట్టదని అందరూ అంటారు. అది చేవకి మాత్రమే వర్తిస్తుంది. చుట్టూ ఉండే తెల్ల భాగాన్ని పురుగు బాగానే తింటుంది. గుండుసూది తల అంత బెజ్జాలు, ఒక అడుగులో 31 లెక్కపెట్టాను. పట్టె విరగడానికి కారణం బరువు కాదు, ఇదే.

పురుగు ఇంకా బతికుందా, ఎప్పుడో పోయిందా? ఇది తెలుసుకోవడానికి ముక్కల కింద నల్ల చార్టు పేపరు పరిచి వారం ఆగాను. జూలై 28న చూస్తే నాలుగు చోట్ల మైదాపిండిలాంటి పొడి కుప్పలు. బతికే ఉంది.

తెల్ల చెక్క ఉన్న మేరకు నిలువుగా చీల్చి పారేశాను. పక్కన ఉన్న బెజ్జాల్లోకి చెదల మందుని సిరంజితో ఎక్కించి, అన్ని ముక్కలకీ బ్రష్‌తో రెండు పూతలు వేసి, కవర్లో అయిదు రోజులు కట్టిపెట్టాను. ఆ తర్వాత నల్ల పేపరు పెట్టి చూస్తున్నాను, ఈ డైరీ ముగిసేదాకా పొడి రాలలేదు.

కుళ్లిన కోడు. ముందు సులువైన దారి తట్టింది: నాలుగు కోళ్లూ రెండుముప్పావు కోసేస్తే సరి. అప్పుడు కూర్చునే ఎత్తు పదిహేడున్నర నుంచి 14 ముప్పావుకి దిగుతుంది. అమ్మ మోకాళ్లు గుర్తొచ్చి ఆ ఆలోచన మానుకున్నాను. కుళ్లింది కోసి కొత్త ముక్క అతకాలి. అయితే అడుగున ఉన్న తరిమెన పని (తిప్పుతూ గుండ్రంగా చెక్కడం) నా చేత కాదు, పక్కనున్న కోడుతో జత కుదరదు. కాబట్టి బాగున్న కుడి కోడుని కూడా అంతే కోసి, రెండింటికీ ఒకేలాంటి నలుపలక ముక్కలు పెట్టాను. బాగున్నదాన్ని కొయ్యడానికి ఒక పూట చెయ్యి రాలేదు.

ముక్కలు విరిగిన పట్టె చేవలోంచే తీశాను. 12 మిల్లీమీటర్ల చెక్క మేకు, చెరో వైపు అంగుళంపావు లోతు, చెక్క జిగురు. 24 గంటలు బిగించి ఉంచి, మర్నాడు చేత్తో మెలిపెట్టి చూస్తే ఎడమది టప్ మని ఊడొచ్చింది. జిగురు ఆరింది, ముక్కకి అంటుకుంది, కోడు వైపు మాత్రం అద్దంలా శుభ్రంగా ఉంది.

తప్పు జిగురుది కాదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది. దాని మీద జిగురు సరిగా పట్టదు. రెండోసారి ఇలా:

1. అతికే రెండు ముఖాలనీ 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది కొత్త చెక్క బయటపెట్టాలి.
2. గుడ్డకి థిన్నర్ తడిపి తుడవాలి. గుడ్డకి పసుపు రంగు అంటుతుంది, అదే నూనె. అంటడం ఆగేదాకా తుడవాలి.
3. థిన్నర్ ఆరగానే, పది నిమిషాల్లోపు జిగురు పెట్టాలి. మర్నాటికి వాయిదా వేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

ఈసారి మెలిపెట్టడమే కాదు, ముక్క మీద నిలబడి చూశాను. ఆగింది. కుడిది మొదటిసారి ఊడలేదు గానీ నమ్మకం కుదరక దాన్ని కూడా కొట్టి ఊడదీసి మళ్లీ అతికించాను.

ఇప్పటిదాకా: 22 గంటల 30 నిమిషాలు. ఖర్చు 2,250 (చెదల మందు, సిరంజి 430, జిగురు 190, థిన్నర్ 110).

దశ 4: కోత, కుసులు (ఆగస్టు 3, 4, 10)

ఈ పనిలో పెద్ద తప్పు ఇక్కడే చేశాను.

బల్ల లోతు 18 అంగుళాలు బాగుంటుందని ఇంట్లో ఉన్న కుర్చీ కొలిచి నిర్ణయించుకున్నాను. మంచి పొడుగు పట్టె రెండు చివర్ల నుంచి చెరో ముక్క కోశాను. ఒక కొసన పాత కుసి ఎలాగూ ఉంది, రెండో కొసన అంగుళంపావు కొత్త కుసి. కుసి, భుజాల (కుసి మొదట్లో ఉండే మెట్ల) మధ్య 18, మళ్లీ కుసి: ఒక్కో ముక్క ఇరవయ్యున్నర. పాత కుసులు కోళ్ల బెజ్జాల్లోకి వేలికి ఉంగరంలా దిగాయి. కొత్త కుసులు ఉలితో తీయడానికి నాలుగు గంటలు పట్టింది.

ఆ తర్వాత చేతుల కోసం కాళ్ల వైపు పైపట్టెని తీసి నడిమికి కోశాను. దాని భుజాల మధ్య పొడవు 33. సగం పదహారున్నర. రంపం తిన్నది పోతే 16.4. కింద పట్టె 18, పైన చెయ్యి 16.4. ముందు కోడు వెనక్కి ఒరిగి నిలబడింది, నిద్రలో జోగుతున్నట్టు. కోసిన కొసకి కుసి తీస్తే ఇంకో అంగుళంపావు పోతుంది. అది కూడా లెక్కలోకి తీసుకోలేదు.

మా వీధి చివర ఉన్న వడ్రంగి మేస్త్రిగారిని అరపూటకి పిలిచాను. చూసి నవ్వలేదు. "పట్టె ముందు కోశారా, చెయ్యి ముందు కోశారా అమ్మా?" అన్నారు. పట్టె అన్నాను. "పెంచలేనిది ఏదుందో దాన్ని ముందు చూసుకోవాలండి. చెయ్యి పెరగదు. పట్టెదేముంది, మన దగ్గిర బోలెడుంది."

మార్చినవి:

1. సగం చేసిన చేతుల్ని మూలమట్టంతో సరి చేస్తే 16 పావు తేలింది. అదే అన్నిటికీ కొలత అయింది.
2. పక్క పట్టెల కొత్త కుసుల భుజాన్ని ఒకటిముప్పావు వెనక్కి జరిపి మళ్లీ తీశారు. నాకు నాలుగు గంటలు పట్టిన పని ఆయనకి రెండింటికీ కలిపి నలభై నిమిషాలు.
3. చేతుల కోసిన కొసకి కుసి తియ్యలేదు. రెండు పక్కలా బెజ్జం తీసి మధ్యలో విడి కుసి దించారు, రెండున్నర అంగుళాల పొడవు, చెరి సగం. పొడవు అస్సలు పోలేదు.
4. చెయ్యి వెనక కోడుకి తగిలే చోట కోడు నలుపలకగా లేదు, కడియంలా గుండ్రంగా ఉంది. అక్కడ అంగుళం వెడల్పు చదును చెక్కి బెజ్జం కొట్టారు. చెయ్యి కొసని గుండ్రానికి తగ్గట్టు చెక్కుదాం అన్నాను. "రేపు వదులైతే మీకే కష్టం" అన్నారు. చదునే మేలు.

పైపట్టె తీసేసినందువల్ల ముందు కోళ్లలో మిగిలిన రెండు పాత బెజ్జాలకి ముక్కలు కొట్టి మూశాను. చెక్క నార దిక్కు అడ్డంగా పడింది, దగ్గరగా చూస్తే కనిపిస్తుంది. అలాగే ఉంచాను.

పాత కీళ్లకి జిగురు పెట్టలేదు. చెక్క మేకులు మాత్రమే. రేపు ఎవరికైనా మళ్లీ విప్పాల్సొస్తే విప్పుకోవచ్చు. కొత్తవాటికి థిన్నర్ తుడిచి జిగురు.

ఇప్పటిదాకా: 32 గంటలు. ఖర్చు 2,850 (మేస్త్రిగారికి 600).

దశ 5: మెరుగు (ఆగస్టు 11 నుంచి 15)

ఇనప మేకులున్న చోటల్లా చెక్క నల్లబడింది. రుద్దితే పోదు. ఆక్సాలిక్ ఆమ్లం చెంచాడు ఒక గ్లాసు వేడినీళ్లలో కలిపి (తొడుగులు వేసుకుని, ఇది విషం, గ్లాసు మళ్లీ వంటింట్లోకి రాకూడదు) బ్రష్‌తో పూస్తే అరగంటలో మరకలు గోధుమ రంగులోకి దిగాయి. మంచినీళ్లతో రెండుసార్లు కడిగాను. రెండు చోట్ల నీడలా మిగిలింది.

తర్వాత కాగితం 80, 120, 220. ఈపాటికి రంగు లేదు కాబట్టి పొడిగా రుద్దినా పర్వాలేదు, మాస్కు మాత్రం తియ్యలేదు.

పాతకాలపు పద్ధతిలో లక్క పాలిష్ వేద్దామని లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ ఉండతో పూత మీద పూత వేశాను. మూడో పూత వేసిన సాయంత్రం జల్లు మొదలైంది. ఎక్కడా తడి తగల్లేదు, పైన టార్పాలిన్ ఉంది. అయినా గంటలో బల్లంతా పాలు చల్లినట్టు తెల్లబారింది. స్పిరిట్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి గాలిలో తేమని లాక్కుంటుంది. ఆ తేమ పూతలో చిక్కుకుపోతుంది. కాకినాడలో శ్రావణమాసంలో లక్క పాలిష్ పెట్టుకోవడం ఎలాంటి తెలివో ఆ రోజు తెలిసింది.

మర్నాడు ఎండలో స్పిరిట్ గుడ్డతో తుడిస్తే తెల్లదనం చాలా మటుకు పోయింది. కానీ వసారాలో బల్ల మీద వేడి టీ గ్లాసు పెట్టకుండా ఎవరాపుతారు? లక్క మీద వేడికీ తడికీ మచ్చ పడుతుంది. మొత్తం స్పిరిట్‌తో కడిగేసి, ఉడికించిన అవిసె నూనెకి మారాను. పల్చగా పూసి, ఇరవై నిమిషాలకి మిగిలింది తుడిచెయ్యడం. రోజుకొకటి చొప్పున మూడు పూతలు. మెరుపు రాదు. చేవ రంగు మాత్రం తేనెలా పైకి వచ్చింది.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక దానంతటదే అంటుకోగలదు. నేను ఒక్కొక్క గుడ్డనీ డాబా మీద తీగకి విడివిడిగా ఆరేసి, గట్టిపడ్డాక పారేశాను.

ఇప్పటిదాకా: 40 గంటలు. ఖర్చు 3,740 (కాగితం 150, లక్క, స్పిరిట్ 380, నూనె 320, ఆమ్లం 40). ఆ 380 పూర్తిగా నీళ్లపాలు.

దశ 6: నవారు (ఆగస్టు 18, 24, 25)

నూలు నవారు, రెండున్నర అంగుళాల వెడల్పు. ఎంత కొనాలో అంగట్లో అడిగితే "మంచానికి ఒక ఉండ" అన్నారు. ఇది మంచం కాదు కదా, అందుకని లెక్క వేసుకున్నాను:

ముందు నుంచి వెనక్కి: 33 అంగుళాల్లో 13 చుట్లు. ఒక చుట్టు పైనా కిందా చెరో 20 పావు, రెండు పట్టెల ఎత్తు 6, కలిపి నలభయ్యారున్నర. మొత్తం 15.4 మీటర్లు.
అడ్డంగా: 16 పావులో 6 చుట్లు. ఒక చుట్టు 37, 37, 6, కలిపి 80. మొత్తం 12.2 మీటర్లు.
రెండూ కలిపితే 27.6. ముడులకీ, లాగడానికి పట్టుకోవడానికీ వదిలి 30 మీటర్లు కొన్నాను. 1.1 మీటరు మిగిలింది.

తలాపు చువ్వలకీ వెనక పట్టెకీ మధ్య నాలుగు అంగుళాల సందు ఉంది కాబట్టి నవారు చుట్టూ తిరిగింది. మీ మంచంలో చువ్వలు నేరుగా పట్టెలోంచే లేస్తే ఈ అల్లిక కుదరదు.

మొదటిసారి బలంకొద్దీ బిగించాను. అల్లిక మద్దెల చర్మంలా మోగింది. దూరం నుంచి చూస్తే ముందు పట్టె లోపలికి వంగి ఉంది. దారం కట్టి కొలిస్తే నడిమిని 4 మిల్లీమీటర్లు. ఒక్కో చుట్టూ లాగేది తక్కువే, పైనా కిందా కలిపి 26 పేటలు ఒకేసారి లాగుతున్నాయి మరి. మంచానికైతే కోళ్ల దగ్గర ఇంత బలం పడినా తెలీదు, ఇక్కడ కొత్త కీళ్లున్నాయి.

విప్పేశాను. విరిగిన పట్టెలో మిగిలిన ముక్కతో అంగుళం మందం అడ్డపట్టె ఒకటి ముందు పట్టెకీ వెనక పట్టెకీ నడుమ, అడుగు అంచుకి సమంగా పెట్టి రెండు వైపులా స్క్రూలు బిగించాను. పైన 2 అంగుళాల ఖాళీ ఉంది. మళ్లీ అల్లి, 72 కిలోల మనిషిని (తమ్ముణ్ణి) కూర్చోబెట్టి కొలిస్తే నవారు 1 ముప్పావు కిందికి దిగింది. అడ్డపట్టె తగల్లేదు, కానీ మిగిలింది పావు అంగుళమే. ఇంకాస్త బరువున్నవాళ్లు కూర్చుంటే తగులుతుంది. మళ్లీ చేస్తే ఆ అడ్డపట్టెని నడిమిని అర అంగుళం గుంటగా చెక్కుతాను. పట్టె వంపు ఇప్పుడు 1 మిల్లీమీటరు.

నూలు నవారు వారంలో సాగుతుంది. అందుకని చివరి ముడి కిందివైపు, చేతికి అందేలా వేశాను. ఆగస్టు 25న ఒకసారి బిగించాను, జానెడు వచ్చింది.

ఇప్పటిదాకా: 46 గంటల 30 నిమిషాలు. ఖర్చు 4,200 (నవారు 420, స్క్రూలు 40).

మిగిలినవి

ఎడమ చెయ్యి వెనక కీలు దగ్గర పట్టి ఊపితే కదులుతోంది, ఒక మిల్లీమీటరు లోపే. విడి కుసి కొంచెం పల్చన అయినట్టుంది. వానలు తగ్గి చెక్క ఆరాక ఏమవుతుందో చూసి, అవసరమైతే అడ్డంగా చెక్క మేకు దించుతాను. మంచి పట్టెలో 31 అంగుళాల ముక్క మిగిలింది, కవరు చుట్టి పెట్టాను.

మావయ్య మళ్లీ ఫోను చేశాడు. పాకలో భోషాణం మూత కూడా ఉందట, తెమ్మంటావా అని. కింద నల్ల పేపరు పరిచి వారం ఆగి చెప్పమన్నాను.